ఎడమ చేతి ముద్ర

‘నలుగురి ఇల్లు’ – తొమ్మిదో భాగం

నగిసా సూట్‌కేసు చక్రాల చప్పుడు వీధి మలుపు తిరిగి వినిపించకుండా పోయింది. పోయిన వారం అక్కడ ఆగాం. స్కూలు వాళ్లతో నాలుగు రోజుల ఒకినావా ప్రయాణం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ తండ్రితో ఒక్క మాట అంది.

“నాన్నా, జాడీ మర్చిపోకు. రోజుకోసారి. అడుగు నుంచి కలపాలి.”

“సరేలేవే” అన్నారాయన.

నాతో ఏమీ చెప్పలేదు. మా రిత్సుతోనూ చెప్పలేదు.

ఈ వారమే కొత్తగా ఈ పేజీ తిప్పిన వాళ్లుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు తొమోయె. సూపర్ మార్కెట్లో వండిన కూరలమ్మే చోట, అద్దం వెనకాల నిలబడి వేపుళ్లు చేస్తాను. రిత్సు నా కొడుకు, పదమూడేళ్లు. ట్రామ్ నడిపే కోసాకు గారిని చేసుకుని, పోయిన మార్చిలో వాణ్ణి వెంటబెట్టుకుని తొయామాలోని ఈ ఇంటికి వచ్చాను. మాతో వచ్చినవి రెండు పెట్టెలు, ఒక రైస్ కుక్కర్. కోసాకు గారి కూతురు నగిసా. పదిహేడేళ్లు. ఏడు నెలలుగా మేం నలుగురం ఒకరి కాళ్లకి ఒకరం అడ్డం పడకుండా ఈ ఇంట్లో నడవడం నేర్చుకుంటున్నాం. స్నానానికి ఎవరి తర్వాత ఎవరు వెళ్లాలో ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. రిత్సు ఆ పిల్లని ఇప్పటికీ ‘నగిసా గారూ’ అనే పిలుస్తాడు.

ఇక జాడీ. సింకు కింద అరలో ఉంటుంది. నిండా ఉప్పు కలిపిన తడి తవుడు. అందులో దోసకాయో ముల్లంగో దూర్చి ఒక రోజు ఉంచితే ఊరి, పుల్లగా, కరకరలాడుతూ వస్తుంది. ఆ తవుడికి ప్రాణం ఉంటుంది. రోజూ ఉత్త చేత్తో కలపాలి. ఎవరు కలిపితే వాళ్ల చేతి రుచి దానికి పడుతుంది. కలపడం మానేస్తే చచ్చిపోతుంది. నగిసా కన్నతల్లి ఫుయుమి గారు పోయి ఐదేళ్లయింది. పన్నెండేళ్ల వయసు నుంచి ఆ జాడీని ఈ పిల్లే కలుపుతోంది. జ్వరంతో పడుకున్న రోజు కూడా లేచి వచ్చి కలిపి వెళ్లడం చూశాను.

నేను మాత్రం దాని మూత మీద వేలు పెట్టలేదు. సింకు కింద గిన్నె కావాల్సి వస్తే, జాడీకి మోచెయ్యి తగలకుండా ఊపిరి బిగబట్టి తీసేదాన్ని.

నగిసా వెళ్లిన రోజే కోసాకు గారి తోటి డ్రైవరుకి జ్వరం వచ్చింది. రెండు డ్యూటీలూ ఈయన మెడకే పడ్డాయి. తెల్లారకముందే వెళ్లి, వచ్చి, బూట్లు విప్పుతూనే కునుకు తీసేవారు. జాడీ ఆయనకి గుర్తులేదు. నాకు గుర్తుంది. కానీ నా తలనిండా వేరే భయాలు. విమానం, తుఫాను, సముద్రంలో పిల్లల కాళ్లకి చుట్టుకునే జెల్లీ చేపలు. పొద్దునా సాయంత్రం వాతావరణ వార్తలు చూస్తూనే ఉన్నాను.

ఆ మొదటి సాయంత్రమే రిత్సు వంటింట్లోకి వచ్చాడు.

“అమ్మా, జాడీ ఎవరూ కలపలేదు.”

“నీకెలా తెలుసు?”

“మూతకి కట్టిన గుడ్డ ముడి నగిసా గారు వేసినట్టే ఉంది.”

“తాకకు.”

“మరి చచ్చిపోతే?”

“రిత్సూ, అది వాళ్ల అమ్మది. దానికేం జరిగినా సరే, మన వల్ల జరిగిందని ఉండకూడదు. అర్థమైందా?”

వాడు తల ఊపాడు. నేను నమ్మాను. తల ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు అని పదమూడేళ్లు పెంచాక కూడా నాకు తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి వాకిలి తలుపు జరిగిన చప్పుడైంది.

“వచ్చేశాను!”

“రామ్మా, రా!” అన్నాను. గుమ్మడికాయ మెదిపి బిళ్లలు చేసి కోరొక్కెలు వేయిస్తున్నాను, అవి నగిసాకి ఇష్టం. ఇష్టమని నాతో ఎప్పుడూ అనలేదు గాని, అవి చేసిన రోజు మూడు తింటుంది. గుమ్మంలోకి తొంగి చూశాను. పిల్ల ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది. చెయ్యీ కాలూ సవ్యంగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో అప్పుడు నాకు ఊపిరి ఆడింది.

సంచీలు గుమ్మంలోనే వదిలేసి తిన్నగా వంటింట్లోకి వచ్చింది. చేతులు ఉత్త నీళ్లతో కడుక్కుంది. సింకు ముందు మోకాళ్ల మీద కూర్చుని జాడీ ముందుకి లాగి, ముడి విప్పి, మూత తీసింది.

లోపలికి ఒంగి చూసింది.

మూకుడులో నూనె చిటపటలు తప్ప ఇంట్లో చప్పుడు లేదు. నేను మంట తగ్గించాను.

“ఎవరు?” అంది.

“ఏమైందమ్మా?”

“ఇందులో చెయ్యి ఎవరు పెట్టారు?”

అరిచి అడిగి ఉంటే నయం. నెమ్మదిగా అడిగింది. ఒంగి చూశాను. తవుడు పైభాగం నున్నగా, చదునుగా అదిమి ఉంది. జాడీ అంచుల వెంట గుడ్డతో తుడిచిన ఆనవాలు. ఎవరో ఎంతో భయభక్తులతో చేసిన పని. ఆ మనిషెవరో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఏడు నెలలుగా గాజుసామాను మోసినట్టు మోసుకొచ్చిన ఈ ఇల్లు చేతుల్లోంచి జారిపోతోందనిపించింది. ఇక పెట్టెలు సర్దుకోవాలేమో, రిత్సుకి మళ్లీ స్కూలు మారాలేమో. అంత దూరం వెళ్లిపోయింది నా బుర్ర.

“నేనే” అన్నాను.

నగిసా తలెత్తింది. “మీరా?”

“అవునమ్మా. మీ నాన్నగారికి డ్యూటీ ఎక్కువైంది. అందుకని నేనే...”

“తొమోయె గారూ, ఒకసారి చెయ్యి ఇలా పెట్టండి.”

“ఎక్కడ?”

“తవుడు మీద. తాకక్కర్లేదు. పైన పెట్టి ఉంచండి చాలు.”

కుడి చెయ్యి చాపాను. అప్పుడు చూశాను. నున్నగా అదిమిన తవుడు మీద అరచేతి అచ్చు పడి ఉంది. అందులో బొటనవేలు కుడి వైపుకి ఉంది. నాది ఎడమ వైపుకి.

“మనింట్లో చాప్‌స్టిక్స్ ఎడమ చేత్తో పట్టుకునేది ఒక్కడే” అంది నగిసా.

“అమ్మ కాదు. నేను.”

రిత్సు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో. చివరి రెండు మెట్లూ దిగి వచ్చాడు. వాడి చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయాను.

“వదులమ్మా. నువ్వు అబద్ధం ఆడితే చెవులు ఎర్రగా అయిపోతాయి. నీకు తెలీదు గానీ ఎవరైనా కనిపెట్టేస్తారు.”

నగిసా లేవలేదు. కూర్చునే అడిగింది, డాక్టరు రోగిని అడిగినట్టు.

“ఎన్నిసార్లు?”

“నాలుగు. కాదు, ఐదు. రెండో రోజు రెండుసార్లు.”

“చేతులు ఎలా కడిగావు?”

“మొదటిసారి సబ్బుతో.”

నగిసా కళ్లు గట్టిగా మూసుకుంది. సబ్బు తగిలితే తవుడు ప్రాణం పోతుంది.

“తర్వాత కాదండీ! అమ్మమ్మ తిట్టిందిగా, అప్పట్నుంచి ఉత్త నీళ్లే.”

“ఎవరి అమ్మమ్మ?”

“మీ అమ్మమ్మ.”

ఈసారి నగిసా లేచి నిలబడింది. నేను స్టవ్ ఆపేశాను. కోరొక్కెలు సగం వేగి నూనెలోనే ఉండిపోయాయి.

నీగత ఊళ్లో ఉండే ఆవిడ, ఫుయుమి గారి తల్లి, మా పెళ్లి కబురు విన్నాక ఈ ఇంటికి ఫోన్ చెయ్యడం మానేసింది. ఏటా మనవరాలికి పంపే బియ్యం మూట కూడా ఈ ఏడు రాలేదు. కూతురి చోటులోకి వచ్చిన మనిషి మీద ఆ తల్లికి కోపం ఉండటంలో తప్పేముంది? హాల్లో ఫోన్ పక్కన ఫుయుమి గారు రాసిపెట్టుకున్న నంబర్ల కాగితం ఇప్పటికీ అలాగే ఉంది. అందులో మొదటి వరుస, ‘నీగత అమ్మ’. ఆ కాగితం తియ్యడానికీ భయమే నాకు, చదవడానికీ భయమే.

“రెండో రోజు సాయంత్రం మూత తీస్తే పైన తెల్లగా పొరలా కట్టి ఉంది” రిత్సు చెబుతున్నాడు. “రంగు డబ్బా వాసన కొట్టింది. చచ్చిపోయిందనుకున్నా. అమ్మని అడిగితే తాకొద్దంటుంది. కోసాకు గారు నిద్రపోతున్నారు. అందుకని ఆ కాగితం చూసి ఫోన్ చేశా.”

“ఏమన్నావు?”

“హలో అన్నా.”

“అది కాదు. ఎవరని చెప్పావు?”

రిత్సు చెవి గోక్కున్నాడు. “నగిసా గారి ఇంట్లో ఉంటున్న వాణ్ణి అన్నా. ‘పేరు లేదా నీకు?’ అంది. చెప్పా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెట్టేసిందేమో అనుకున్నా. తర్వాత, ‘ఏం కొంప ముంచావు?’ అంది.”

నగిసా పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వని అప్పుడు నాకు తెలియదు.

“తెల్లపొర చావు కాదంట. తీసి పారేసి, ఉప్పు, ఆవపిండి వేసి అడుగు నుంచి తిరగెయ్యమంది. ఫోన్ పక్కన పెట్టి కలిపి రమ్మంది. వెళ్లి కలిపి వచ్చా. వాసన ఎలా ఉందంది. చెప్పా. మళ్లీ వెళ్లమంది. అలా రెండుసార్లు తిప్పింది. చివర్లో ‘అంచులు తుడిచావా? తుడవని వాళ్లు దీని జోలికి రాకూడదు’ అంది. తుడిచా.”

“మీ అమ్మకి తెలుసా అని అడగలేదా?”

“అడిగింది. తెలీదు, తెలిస్తే భయపడుతుంది అన్నా.”

ఆవిడ నా గురించి మొట్టమొదట విన్న మాట అదన్న మాట. కానివ్వండి. నిజమేగా.

నగిసా మళ్లీ కూర్చుంది. తవుడులోకి మోచేతి దాకా చెయ్యి దించి వెతికి, పొడుగాటి దోసకాయ ఒకటి బయటికి లాగింది. నిన్న రిత్సు దూర్చి ఉంటాడు. కుళాయి కింద కడిగి, కొయ్యకుండానే కొరికింది.

మేమిద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. పరీక్ష ఫలితాల బోర్డు ముందు కూడా నేనంత బిగుసుకుపోలేదు. నా చదువు పదో తరగతి దాటలేదు కాబట్టి అలాంటి బోర్డులు ఎక్కువ చూడలేదనుకోండి.

నమిలింది. మింగింది.

“ఉప్పు ఎక్కువైంది.”

రిత్సు తల దించుకున్నాడు.

“ఎప్పటి రుచి కాదు ఇది.”

నేను రిత్సు భుజం మీద చెయ్యి వేశాను.

రెండోసారి కొరికింది. ఈసారి ఇంకా నెమ్మదిగా నమిలింది. “నీ చెయ్యి కలిసింది ఇందులో. నాకు తెలుస్తోంది. బతికే ఉంది.”

దోసకాయ చేత్తో పట్టుకునే, మా వైపు చూడకుండా, సింకుతో చెబుతున్నట్టు చెప్పింది.

“నాన్న మర్చిపోతాడని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. వేరే ఎవరినీ అడగాలనిపించలేదు. అక్కడ అందరూ సముద్రం చూసి గంతులేస్తుంటే నేను రోజులు లెక్కపెట్టుకున్నా. ఒక రోజు పర్లేదు, రెండు పర్లేదు, నాలుగంటే కష్టం. వచ్చేసరికి పోయి ఉంటుందనుకున్నా. మూత తీశాక మీ ముందు ఏడవకూడదని రైల్లో ప్రాక్టీస్ చేసుకుంటూ వచ్చా.”

అప్పుడు నా నోరు ఊరుకోలేదు.

“నేనే తాకొద్దన్నాను నగిసా. వీడు మొదటి రోజే అడిగాడు. పోతే పోనీ, మన వల్ల పోయిందని ఉండకూడదని చెప్పాను. పెద్దదాన్ని నేను అలా అన్నాను.”

చెప్పేశాక నా చెవులు ఎర్రగా లేవని నాకే తెలిసింది.

నగిసా నా వైపు తిరిగింది. “తెలుసు. మీరు సింకు కింద గిన్నె తీస్తుంటే చూశాను. పక్కన బాంబు ఉన్నట్టు తీస్తారు.”

రిత్సు ఫక్కున నవ్వాడు. వాడి నెత్తి మీద ఒకటి ఇద్దామని చెయ్యెత్తి, నేనే నవ్వేశాను.

“రా ఇటు” అంది నగిసా వాడితో. “ఎలా కలిపావో చూపించు.”

ఇద్దరూ జాడీకి చెరో పక్క కూర్చున్నారు. ఒకటి కుడి చెయ్యి, ఒకటి ఎడమ చెయ్యి.

“అలా గుద్దకు. అదేమైనా నీ శత్రువా?”

“అడుగు నుంచి తిరగెయ్యమంది అమ్మమ్మ.”

“తిరగెయ్యమంది, తవ్వమనలేదు. కింద ఉన్నది పైకి తీసుకురా. పైన ఉన్నది కిందకి పంపు. ఆఁ, అలా.”

“నగిసా గారూ, మీ మోచెయ్యి అడ్డం.”

“గారేంటి? నాలుగు రోజులు నా జాడీలో చెయ్యి పెట్టి ఇంకా గారా?”

“మరేమనాలి?”

“నాకేం తెలుసు. ఆలోచించుకో. గుమ్మంలో పచ్చ సంచీలో సింహం బొమ్మ తాళం గొలుసు ఉంటుంది, తీసుకో. రెండు కొంటేనే ఇస్తానన్నాడు కొట్టువాడు, అందుకని కొన్నా.”

నేను మళ్లీ స్టవ్ వెలిగించాను. కోరొక్కెలు నూనె పీల్చి మెత్తబడ్డాయి. ఆ రోజు వాటిని చూసి నాకు బాధ కలగలేదు.

నాకు గొప్పలు చెప్పుకోవడం రాదు. మార్కెట్లో తోటి ఆడవాళ్లు పిల్లల మార్కులు, పతకాలు చెప్పుకుంటుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోతాను. కానీ ఇది మాత్రం చెప్పుకుంటాను. నా కొడుకు ఫోన్లో నూడుల్స్ తెప్పించుకోవడానికి కూడా సిగ్గుపడే పిల్లాడు. వాడు, మా మొహం చూడనని కూర్చున్న పెద్దావిడకి తనంతట తాను ఫోన్ చేశాడు. తిట్లు తిన్నాడు. నేర్చుకున్నాడు. నేను అబద్ధంతో అడ్డం నిలబడితే, నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ పిల్ల గురించీ చెప్పనివ్వండి. తల్లి వస్తువు మీద పరాయి చెయ్యి పడితే కేకలు వేసే హక్కు తనకుంది. వెయ్యలేదు. ముందు రుచి చూసింది, తర్వాత తీర్పు చెప్పింది. పెద్దవాళ్లలో ఎంతమందికి ఉంది ఆ ఓపిక? నగిసాని నేను కనలేదు. అయినా సరే, కన్నదానిలాగే గర్వపడ్డాను. ఎవరేమన్నా అనుకోండి.

ఆ పూట కోసాకు గారు వచ్చేసరికి బల్ల మీద దోసకాయ ముక్కలు ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని, “ఉప్పు కాస్త...” అని మొదలుపెట్టి, కూతురి చూపు చూసి, “బాగుంది, చాలా బాగుంది” అన్నారు. జాడీ సంగతి అప్పుడు గుర్తొచ్చి ముక్క గొంతుకి అడ్డం పడింది. దగ్గుతుంటే నగిసా నీళ్లిచ్చింది గానీ జాలిపడలేదు. నలుగురం నవ్వుకుంటూ తిన్నాం. ఏడు నెలల్లో ఎవరూ ‘ఇక లేస్తాను’ అని ముందు లేవని భోజనం అది.

భోజనాలయ్యాక ఆయన అక్కడే ఒరిగారు. నగిసా స్నానానికి వెళ్లింది. నేను పళ్లేలు కడుగుతున్నాను, రిత్సు తుడుస్తున్నాడు. వాడు ఒకే పళ్లేన్ని మూడోసారి తుడవడం చూశాను.

“ఏంట్రా?”

“అమ్మా, అమ్మమ్మ ఇంకోటి చెప్పింది. నగిసా గారికి చెప్పొద్దంది.”

“ఏంటది?” అన్నాను.

“తవుడు చచ్చిపోయిందేమోనని నేను ఫోన్లో ఏడ్చా. కొంచెమే. అప్పుడంది, ‘ఏడవకురా, అది ఒకసారి చచ్చి బతికిందే’ అని. ఫుయుమి గారు హాస్పిటల్లో ఉన్న వేసవిలో ఎవరూ కలపలేదంట. మొత్తం కుళ్లిపోయిందంట. ఫుయుమి గారు పోయినప్పుడు అమ్మమ్మ వచ్చి చూసి, ఎవరికీ తెలియకుండా దాన్నంతా మన పెరట్లో దానిమ్మ చెట్టు కింద పాతిపెట్టేసి, నీగత నుంచి తన తవుడు తెచ్చి ఈ జాడీలో నింపిందంట.”

కుళాయి కట్టేశాను.

“అంటే ఇది...”

“వాళ్ల అమ్మ చెయ్యి తగిలింది కాదమ్మా. నగిసా గారికి తెలీదు. చెప్పాలా, వద్దా?”

ఐదేళ్లు. జ్వరంలో లేచి మరీ కలిపిన ఐదేళ్లు. నా నోట్లోంచి వచ్చే మాట ఏదో నాకు ముందే తెలుసు. వద్దు. తాకకు. మన వల్ల జరిగిందని ఉండకూడదు. అది నాలుక చివరి దాకా వచ్చింది.

హాల్లో ఫోన్ మోగింది.

స్నానాల గది తలుపు జరిగింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని నగిసా మాకంటే ముందే అందుకుంది.

“హలో? అమ్మమ్మా!” ఆ గొంతులో అంత సంతోషం ఈ ఇంట్లో నేను వినలేదు. “ఆఁ, సాయంత్రమే వచ్చా... ఉంది, బతికే ఉంది... ఉప్పు ఎక్కువేశాడులే... వాడే చెప్పాడు, నీకు ఫోన్ చేశానని... లేదమ్మమ్మా, కోపమెందుకు? నీ మీదా? నీ మీద నాకు కోపం ఎందుకొస్తుంది?”

ఆగింది.

“ఏది పాతిపెట్టావు?”

రిత్సు చేతిలో పళ్లెం ఆగిపోయింది.

“ఏ చెట్టు కింద?”

నా చెయ్యి దానంతటదే వెళ్లి వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది. వాడు నా వైపు చూశాడు. వదలమని అనలేదు. ఊరికే చూశాడు, సాయంత్రం మెట్లు దిగినప్పటి చూపుతో. నేను ఒక్కొక్క వేలే విప్పాను.

వాడు తడి చేతులు తుడుచుకోకుండానే హాల్లోకి నడిచి, ఆ పిల్లకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

“అక్కా” అన్నాడు.

నగిసా రిసీవరు చెవి మీంచి మెల్లగా దించింది. అవతల నుంచి ముసలి గొంతు ఏదో చెబుతూనే ఉంది. పిల్ల మొహంలో రక్తం లేదు.

“నీకు ముందే తెలుసా?” అంది.